దూది ఒప్పుకోని చెయ్యి

మా చిన్నప్పుడు... పాకాలలో మా ఇంటి ముందుగదే నాయన లేత్ షాపు. చెరకు గానుగల పళ్లచక్రాలు, పంపుసెట్ల కడ్డీలు... ఇనుమును ఎంత బాగా కోసినా అంచున కంటికి ఆనని ముళ్లు లేస్తాయి. నాయన వాటిని ఆకురాతితో రాకి, ఎమరీ కాయితంతో రుద్ది, చివర్లో అంచంతా దూది పింజతో తుడిచేవాడు. ఒక్క పోగు తగులుకున్నా పని మళ్లీ మొదటికే!

ఎవరైనా తొందర పెడితే, "దూది ఒప్పుకోలేదప్పా... నేనేం జేసేది?" అనేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవం వచ్చింది. డాన్సులో నాది ముందు వరస మరి! నగరి నుంచి మా అత్త పంపిన పట్టు పావడ కట్టుకుని ఇల్లంతా గిరగిరా తిరుగుతున్నా. నాయన మురిసిపోయి, కుచ్చిళ్లు సర్దబోయాడు. ఆయన అరచేతి గరుకుకు పట్టు పోగొకటి తగులుకుని జానెడు లేచొచ్చింది.

"నన్ను ముట్టుకోవద్దు నాయనా! నీ చేతులు ముళ్లు!" అని వీధంతా వినపడేలా అరిచాను. ఏం నోరో నాది!

ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. డాన్సుకు మాత్రం వచ్చి, వెనక నిలబడి చూశాడు.

మర్నాడు షాపులోకి తొంగిచూస్తే... నాయన తన అరచేతిని ఎమరీ కాయితంతో రుద్దుకుంటున్నాడు. దూది పింజ తీసి చేతిమీద రాసుకున్నాడు. తగులుకుంది. మళ్లీ రుద్దాడు. నన్ను చూసి నవ్వి, "ఇంకా రవ్వంత ఉండాది పాపా... పోతాదిలే" అన్నాడు.

వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాల్సింది. సిగ్గేసి లోపలికి పారిపోయాను.

ఆ తర్వాత నన్ను ఎప్పుడు ముద్దు చేసినా వేళ్ల వెనకవైపుతోనే... చెంపకు అలా తాకించి తీసేసేవాడు. చివరిదాకా అంతే.

మొన్న తిరుపతి దగ్గర ఒక ఫ్యాక్టరీలో చూశాను. డ్రమ్ములో ఇనుప ముక్కలు, చిన్న చిన్న రాళ్లు కలిపి పోసి తిప్పుతున్నారు. అన్నీ నున్నగా బయటికొస్తున్నాయి. ఎవరి చేతులూ గరుకెక్కవు. మంచిదే కదా... అయినా ఎందుకో కళ్లు నిండిపోయాయి.

నాయన లేడు. పావడ పెట్టెలో ఉంది. లేచిన ఆ పోగును ఇప్పటికీ ఎవర్నీ కత్తిరించనివ్వను.

మీ నాయన చేతులు ఎలా ఉంటాయి? దగ్గరుంటే ఈరోజే ఒకసారి పట్టుకోండి. నాలాగా ఆలస్యమైపోయినవాళ్లు... ఇక్కడ రాయండి, చదువుకుంటాను.