ముప్పై నాలుగో మనిషి

మొన్న మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టీవీ ముందు కూర్చున్నాను. అందరూ సీరియళ్లు చూస్తుంటే నేను పార్లమెంటు వార్తలు చూస్తానని మా ఆయనకు నన్ను ఆటపట్టించడం ఒక సరదా. ఢిల్లీలో ఏదో సభాసంఘం జైళ్ల సంగతి విచారిస్తోందట. బెయిలు మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయినవాళ్లు ఎందరని ఒక సభ్యుడు అడిగితే, వివరాలు సేకరిస్తున్నామని ఒక అధికారి జవాబిచ్చాడట. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నా మొహం చూసి మా ఆయన బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగారు. మాత్ర వేసుకున్నాను, అది కాదు సంగతి. ఆ ప్రశ్నను దాదాపు అవే మాటల్లో నలభై ఏళ్ల కిందట నేను చదివాను, దానికి జవాబు ఈ చేతులతోనే టైపు కొట్టాను. ఇంకా దాన్నే అడుగుతున్నారా!

మన ఈడు ఆడవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో టైపు హయ్యరు పాసయితే చాలు, ఉద్యోగం కొంగున కట్టుకున్నట్టే అనేవారు. నాకూ వచ్చింది, కానీ డెల్టాలో ఒక చిన్న ఊరి సబ్ జైల్లో వచ్చింది. చల్లపల్లిలో బట్టల కొట్టు నడిపే మా నాన్న, అమ్మాయికి గవర్నమెంటాఫీసులో పని అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు గాని, ఏ ఆఫీసు అంటే మాత్రం చీరలు మడతపెట్టుకుంటూ వినపడనట్టు ఊరుకునేవాడు. పెళ్లిచూపులకు వచ్చిన మా అత్తగారికి కూడా పెళ్లయిన మూడో నెలకు గాని అసలు సంగతి తెలియలేదు. ఆ గొడవ వేరే కథ.

మా సూపర్నెంటు గారు మంచి మనిషి. పూజ చేయనిదే ఆఫీసుకు రారు, ఖైదీల మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఆయనకున్నది ఒక్కటే సూత్రం, పైనుంచి ఏ కాగితం వచ్చినా 'నిల్' అని పంపితే ఎవడూ తిరిగి అడగడని. ఇరవై ఏళ్ల సర్వీసు ఆయన ఆ ఒక్క మాట మీద నెట్టుకొచ్చారంటే అతిశయోక్తి కాదు.

ఇక్కడ మా ఆఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఎవరికైనా బెయిలు ఉత్తర్వు వస్తే ఆ రోజే రిమాండు పుస్తకంలో పేరు కింద ఎర్రగీత గీసి, ఇంకో పుస్తకంలో ఎక్కించేవాళ్లం. పూచీకత్తు పడగానే ఆ పేరు విడుదల పుస్తకంలోకి వెళ్లేది. మామూలుగా ఒకటి రెండు రోజుల పని. పైకి పంపే లెక్కలో మొదటి పుస్తకానికీ చివరి పుస్తకానికీ గడులున్నాయి, మధ్యదానికి లేదు. ఆ నమూనా ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో తెలియదు. మాకు మాత్రం అందులో తక్కువేమీ కనపడలేదు.

కొల్లేటి పక్క ఊరి నుంచి చేపలు పట్టుకునే మనిషి ఒకాయన వల తగాదాలో ఎవరినో తెడ్డుతో కొట్టాడని మా దగ్గరకు వచ్చాడు. కొన్నాళ్లకు బెయిలు వచ్చింది, ఎర్రగీత పడింది. ఇద్దరు పూచీ పడాలని కోర్టు అడిగితే వాళ్ల ఊరి నుంచి ఆడా మగా ఇరవై మందికి పైగా బస్సెక్కి వచ్చేశారు. ఇద్దరు చాలన్న చోట ఊరంతా వస్తే ఇంకెవరు కాదంటారన్నది వాళ్ల నమ్మకం. తీరా కోర్టులో ఇంటిపన్ను రసీదు చూపించమన్నారు. సరస్సు గట్టున వేసుకున్న పాకలకు నంబర్లే లేవు, ఇక రసీదులెక్కడివి? సాయంత్రం అందరూ మళ్లీ మా గేటు దగ్గరకు వచ్చారు. ఆయన తమ్ముడు నా కిటికీ దగ్గర నిలబడి, మా అన్న ఇంటికెళ్లి పిల్లల్ని చూసొస్తాడు, అందాకా నన్ను లోపల ఉంచుకోండని బతిమాలాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. హెడ్డు గుమాస్తా గారికి చెప్తే ఆయనా నవ్వారు. ఊరంతటి మాట చెల్లలేదన్న సిగ్గుతో కాబోలు, వాళ్లు మళ్లీ రాలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి అసెంబ్లీ ప్రశ్న వచ్చింది. అసెంబ్లీ ప్రశ్న అంటే అప్పట్లో ఎంత హడావుడో ఉద్యోగాలు చేసినవాళ్లకు తెలుసు. పొద్దున ఫోనొస్తే మధ్యాహ్నం బస్సుకల్లా జవాబు కవరులో పెట్టి మనిషితో పంపాలి. బెయిలు వచ్చీ పూచీకత్తు లేక ఉండిపోయినవాళ్లు ఎందరు అన్నది ప్రశ్న. నిల్ కొట్టమ్మా అన్నారు సూపర్నెంటు గారు. నా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. కొల్లేటి ఆయన గుర్తొచ్చి హెడ్డు గుమాస్తాను అడిగాను. బెయిలొచ్చినవాడు మన లెక్కలో ఉండడమ్మాయ్ అన్నారాయన. అంతే, కొట్టేశాను. నేను కొట్టిన కాగితం హైదరాబాదులో సభలో చదువుతారని పొంగిపోయాను గాని, ఇంకేమీ అనిపించలేదు.

నెల తిరక్కుండానే ఎమ్మెల్యేల సంఘం మా జైలు చూడటానికి వస్తుందన్నారు. సున్నాలు వేయించాం, కొత్త చాపలు పరిచాం, ఎంతమంది ఉన్నారో నేనే జాబితా కొట్టి పెట్టాను. ముప్పై ముగ్గురు. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆఫీసులో వేసిన కుర్చీ వంకైనా చూడకుండా ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్లి, రోజూ ఎంతమందికి వండుతావు నాయనా అని వంటాయన్ని అడిగారు. ముప్పై నలుగురికండి అన్నాడాయన. సూపర్నెంటు గారు కంగారుపడి, వాడికి లెక్కలు రావండి అన్నారు. ఆ మాట వంటాయనకు తగిలింది.

"బియ్యం కొలిచేది నేనండి. ముప్పై ముగ్గురికి వండితే ఒకరు పస్తుంటారండి."

ఆవిడ అందర్నీ వరండాలోకి రమ్మని, నా జాబితా నా చేతికే ఇచ్చి చదవమన్నారు. పేరు పిలిచినవాళ్లు పిలిచినట్టు కూర్చున్నారు. ముప్పై మూడు పేర్లూ అయిపోయాయి. కొల్లేటి ఆయన ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నీ పేరు ఎందుకు లేదని ఆవిడ అడిగితే ఆయన నా వైపు చూశాడు, ఆ సంగతి నాకే బాగా తెలుసన్నట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"నాకు బెయిలొచ్చిందంటండి. కాయితాల్లో నేనెళ్లిపోయినట్టేనంటండి. నేనొచ్చాక రెండు గాలివానలు పోయినయ్యండి, మావోళ్లు ఉన్నారో లేరో తెలీదండి."

రెండేళ్లు. రోజూ నా కిటికీ ముందు నుంచే ఆయన నీళ్ల కుండ మోసుకుని వెళ్లేవాడు, నేను చూస్తూనే ఉన్నాను. నేరం రుజువైనా అంతకాలం శిక్ష పడేది కాదని ఆ తర్వాత తెలిసింది. మేమెవరమూ ఆయన మీద పగబట్టలేదు, ఎవరూ లంచం అడగలేదు, ఒక గడి లేనందుకు మనిషిని మరిచిపోయాం. దుర్మార్గులు చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వారం తిరగకుండా ఆవిడ తన మనుషుల చేత పూచీకత్తు ఇప్పించి ఆయన్ని విడిపించారు. వెళ్లే రోజు వేలిముద్ర వేసి, నా బల్ల దగ్గరకు వచ్చి, వంగి దండం పెట్టాడు.

"అసెంబ్లీకి కాయితం రాసి పంపింది మీరేనంటగదమ్మా. మీరు రాయబట్టే ఆళ్లొచ్చారు. మీ మేలు మర్చిపోనండి."

కాదని చెప్పలేదు. ఏం రాసి పంపానో చెప్పలేదు. తల ఊపి, మంచిది, వెళ్లిరమ్మన్నాను. పెద్ద మనసుతో దీవించినట్టు.

అప్పట్లో సభలో ఒక మనిషి లేచి ప్రశ్న వేస్తే ఇంత చిన్న ఊళ్లో మా చేతులు వణికేవి. ఇప్పుడు ప్రశ్నలూ జవాబులూ ఫోనులోనే చూడొచ్చంటారు గాని, వణికేవాళ్లు ఎక్కడా కనపడరు. ఆ కొల్లేటి ఊళ్లో ఇళ్లకు నంబర్లు వచ్చాయట, సిమెంటు రోడ్డు పడిందట, ప్రతి ఇంటికీ పన్ను రసీదు ఉందట. రిటైరయ్యాక రెండుసార్లు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లి నిజం చెప్పేద్దామని బయల్దేరాను. రెండుసార్లూ హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి, అక్కడ టీ తాగి, విజయవాడ బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఆయన తిడతాడని కాదు. నేను చెప్పిందంతా విని, అయినా మళ్లీ దండం పెడతాడేమోనని భయం.