కనబడని నాలుగు చక్రాలు

“డ్రాయింగ్ మేడమ్ ఇక లేరు” అని స్కూలు గ్రూపులో మెసేజ్ వస్తే నేను నమ్మలేదు. పొద్దున్నే వచ్చే మెసేజీల్లో సగం పుకార్లే. ఇద్దరికి ఫోన్ చేసి అడిగాను. చివరికి ఆవిడ నంబరుకే చేశాను. ఆవిడ భర్త ఎత్తారు. ఇక నమ్మక తప్పలేదు.

నా గుణం ముందే చెప్పేస్తాను. పాల ప్యాకెట్టు కూడా రెండుసార్లు వాసన చూసే రకాన్ని. అలాంటిదాన్ని, పదేళ్ల కిందట ఈ హిందీ ఊళ్లో, గుఢియారీలోని మా చిన్న స్కూలుకి ట్యాబ్లెట్ పట్టుకుని ఒక కొత్త డ్రాయింగ్ టీచర్ వచ్చి, “అక్కా, మీ లెక్కల పీరియడ్‌ల నేను భీ కూసుంట” అంటే ఊరుకుంటానా? వాళ్లది తెలంగాణ నుంచి సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చిన కుటుంబం. మాది శ్రీకాకుళం రైల్వే కుటుంబం. ఇద్దరం తెలుగువాళ్లమని ఆవిడ చనువు తీసుకున్నారు. నేను ఆ చనువునే అనుమానించాను.

మూడో తరగతికి నాలుగో ఎక్కం చెప్పాలి. ఆవిడ పండరీ బట్టల బజారు నుంచి గుడ్డముక్కలు తెచ్చి, అట్టలకి అంటించి, గూడ్సు బండి చేయించారు. దాన్ని నా బల్ల మీదే పెట్టించారు. పిల్లలు బండిని వేలెడు జరిపి ఒక ఫొటో తీస్తారు, మళ్లీ జరిపి మళ్లీ తీస్తారు. ఫొటోలన్నీ వరసగా తిప్పితే బండి నడుస్తుంది. వ్యాగన్‌కి నాలుగేసి చక్రాలు, ఒక్కో వ్యాగన్ వస్తుంటే ఎక్కం పెరుగుతుంది. ఇంతలో రైల్వే పిల్లలు గొడవకి దిగారు. “గలత్ హై మేడమ్! ఆఠ్ పహియే హోతే హై!” తప్పట, ఎనిమిది చక్రాలుంటాయట. బొమ్మలో నాలుగే కనబడుతున్నాయి కదా అన్నారావిడ. మిగతా నాలుగూ అవతలి వైపున్నాయని పిల్లలు. “అయితే కనబడేది గీయండి, కనబడనిది లెక్కపెట్టండి” అని ఆవిడ హిందీలో చెప్పారు. ఆ పీరియడ్‌లోనే నాలుగో ఎక్కం కాస్తా ఎనిమిదో ఎక్కమైంది. ఆవిడ తెలియక తప్పు చేశారో, తెలిసే చేశారో నాకిప్పటికీ అనుమానమే.

అసలు అనుమానం వేరే ఉంది. ఆ ట్యాబ్లెట్ ఎప్పుడూ నా వైపే తిరిగి ఉండేది. కంప్యూటర్లొస్తే పాత టీచర్లని తీసేస్తారని అప్పట్లో స్టాఫ్ రూములో ఒకటే గుసగుసలు. నా పాఠం దొంగచాటుగా రికార్డు చేసి, తప్పులేరి, నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారనుకున్నాను. మా ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. వెళ్లి ప్రిన్సిపల్ సారుకి చెప్పాను. ఆయన ట్యాబ్లెట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లల బండి ఏడో వ్యాగన్ దగ్గర ఆగిపోయింది.

ఎవరు చెప్పారని ఆవిడ అడగలేదు. మర్నాడు కాగితాలు కుట్టించి, ఒక్కో కాగితం మీద ఎనిమిదో వ్యాగన్‌ని కొంచెం కొంచెం జరిపి గీయించి, బొటనవేలితో గబగబా తిప్పించారు. బండి నడిచింది. “మిషిన్ లేకుంటే బొటనవేలున్నది గద అక్కా” అన్నారు నాతో. అది ఎత్తిపొడుపేనని వారం రోజులు నలిగిపోయాను.

తర్వాత ప్రిన్సిపల్ సారు నన్నే పిలిచి, మీరే చూసుకోండని ట్యాబ్లెట్ చేతికిచ్చారు. తప్పు దొరక్కపోతుందా అని ఒక్కో ఫొటో చూశాను. అన్నిట్లోనూ పిల్లల చేతులు, జిగురంటిన వేళ్లు, గుడ్డముక్కల బండి. నేను ఎక్కడో ఓ మూల, చీర చెంగు వరకే. సిగ్గుతో చచ్చిపోయాను. ట్యాబ్లెట్ తిరిగి ఇప్పించాను గానీ, చెప్పింది నేనేనని ఆవిడతో అనలేకపోయాను. ఇన్నేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పచ్చడి పంచుకు తిన్నాం. ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

పరామర్శకి వెళ్తే ఆవిడ భర్త, “మీ గురించి మస్తు చెప్పేదమ్మా. నా పనిని అంత బారీక్‌గా చూసింది అక్కొక్కతే అంటుండె” అన్నారు. అంత నిశితంగా చూశానని ఆవిడ తెలిసే అన్నారా, తెలియకా? ఆయన మొహంలోకి అనుమానంగానే చూశాను. దుఃఖం తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

ఈ సోమవారం ఆవిడ పీరియడ్ నేనే తీసుకున్నాను. పిల్లలు కిటికీ దగ్గర నేల మీద బొమ్మలు పరిచారు. నేను ఫొటోలు తీయడానికి ఫోన్ పట్టుకుని వంగాను. సరిగ్గా జరుపుతున్నారో లేదోనని ఇంకా వంగాను. ఓ చిన్నపిల్ల తలెత్తి, “మేడమ్, థోడా హటియే నా, ఆప్‌కీ పర్ఛాయీ పడ్ రహీ హై” అంది. చూస్తే బొమ్మలన్నిటి మీదా నా నీడే. పక్కకి జరిగాను. బొమ్మల మీద ఎండ పడింది.