మిరప ఘాటు కాదన్నారు

తొంభైల చివర, నవంబరులో, కాశ్మీరులో ఒక కొండమీది పోస్టుకు చేరాను. పన్నెండు వేల అడుగులు. మోకాలి లోతు మంచు. రేకుల బంకరు, కిరోసిన్ పొయ్యి. నా కాపలా పొద్దున ఆరు నుంచి ఎనిమిది. మంచు కళ్ళద్దాలు, రైఫిలు, ఎదురుగా తెల్లటి లోయ. వినుకొండ పక్క మా ఊళ్ళో ఈపాటికి మిరప తోటలు కాపు మీదుంటాయని తలుచుకునేవాణ్ణి. ఎరుపంటే మొహం వాచిపోయాను.

కుడికన్ను మంట, నీళ్ళు. పట్టించుకోలేదు. మిరపకాయల ఊరివాడికి కన్ను మండటం కూడా ఒక జబ్బేనా? చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఒకటే మాట, ఘాటు తగిలింది, కడుక్కోరా అని. మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంటుకూ అదే చెప్పాను. కేరళవాడు. నవ్వలేదు.

"ఇక్కడ మిరపకాయలెక్కడున్నాయి?"

టార్చి వేసి చూశాడు. పైరెప్ప అంచు లోపలికి మడుచుకుపోయి, వెంట్రుకలు కనుగుడ్డును గీకుతున్నాయట. ఇన్నేళ్ళూ పాపం మిరపకాయను తిట్టుకున్నాం. వాడు వెంటనే వైర్‌లెస్‌లో కమాండరుకు చెప్పాడు.

"గురిపెట్టే కన్నేనా?"

"అదే సార్."

"పొద్దున్నే కిందికి దింపు."

కింద ఆసుపత్రిలో డాక్టరు మేజరుగారు విడమరిచి చెప్పారు. చిన్నప్పటి కళ్ళకలకలు రెప్ప లోపల మచ్చ మిగిల్చాయి, అదే రెప్పను లాగేస్తోంది, ఇంకా ఆలస్యమైతే కంట్లో పువ్వు పడుతుంది. పువ్వంటే చూపు పోవడమే. హడలిపోయాను. రైఫిలు కోసం కాదు, సిగ్గు విడిచి చెబుతున్నా. పెళ్ళయ్యాక మా ఆవిణ్ణి చూసుకున్నది ఒక్క సెలవే. అదీ నీళ్ళు కారే కంటితో.

రెప్పకు మాత్రమే మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. రెప్ప లోపలివైపు కోసి, అంచును బయటికి తిప్పి కుట్టారు. నొప్పి లేదు, దారం లాగుతున్నట్టు తెలుస్తోంది అంతే. కట్టు విప్పాక ఎదురు గోడమీది గడియారంలో టైము చదివాను.

ఫిబ్రవరిలో సెలవు దొరికింది. బస్సు దిగి తిన్నగా కల్లానికే వెళ్ళాను. ఎండబోసిన కాయల మధ్య కూర్చుని మా ఆవిడ తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచింది. అంత ఎరుపులోనూ కన్ను మండలేదు. అయినా నీళ్ళొచ్చేశాయి.

"ఆపరేషనయిందన్నారుగా, మళ్ళీ ఈ నీళ్ళేంటండీ?"

"ఇవి ఆ నీళ్ళు కావులే."

తుడవబోయి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. చేతుల నిండా కారం. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, మొహం నా మొహం దగ్గరికి తెచ్చి, నా రెప్పనే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఏ కొండమీద కాపలా కాసినా, నా కళ్ళముందు ఆ దాచుకున్న చేతులే.