మగ జెల్లలో గుడ్లు

హిందీ మాట్లాడే ఊళ్లో ఓ కాలేజీలో నేను జువాలజీ ల్యాబ్ చూసుకునేదాన్ని. కోతకు చేపలు ఇచ్చేది పండరీ బజారులో బుట్ట పెట్టుకుని కూర్చునే ఒకావిడ. ఊరి మురుగు కలిసే నాలా దిగువన ఆమె భర్త వల వేసేవాడు. మా ఇంట్లో వండుకునేవీ ఆ చేపలే.

ఒకరోజు విద్యార్థులకు చూపించడానికి ఓ మగ జెల్ల చేప పొట్ట కోశాను. మగదే, అనుమానం లేదు. కడుపు కింద మగ చేపలకుండే మొన తేలి ఉంది. వృషణం ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే అందులో గుండ్రంగా గుడ్లు! ఆ వారమే ఇంకో రెండింటిలోనూ చూశాను. మనం మింగే మాత్రల్లోని హార్మోన్లు మురుగుతో పాటు నీళ్లలో చేరి మగ చేపలను ఇలా మారుస్తాయని చదివి ఉన్నాను. ఇక్కడా కారణం అదేనని రుజువు లేదు. నీళ్లు పరీక్షకు పంపుదామని మా హెడ్‌ని అడిగాను.

"మేడమ్, చుప్ రహియే, ఊరుకోండి. చేపకు మగతనం పోతే మీకేం నొప్పి?" అన్నాడు. స్టాఫ్‌రూమంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. చూసింది బొమ్మ గీసి, చేపలు ఎక్కడివో కూడా రాసి నోటీసు బోర్డుకు అంటించాను. సాయంత్రానికల్లా చించేశారు. కబురు మాత్రం బజారుకు చేరిపోయింది.

రైల్వే గార్డుగా రిటైరైన మా నాన్న పులుసు కంచం పక్కకు తోసేశాడు. "ఇన్నేళ్లుగా తింటన్నాం, ఏటైపోయింది? నీకెందుకే ఈ లఫడా?"

పండరీలో చేపలమ్మే ఆవిడ నన్ను చూడగానే లేచింది. "మోర్ పేట్ మ లాత్ మారే!" నా కడుపు మీద తన్నావని అరిచింది. జనం మూగారు. నేనూ తగ్గలేదు.

"నువ్వు విషం అమ్ముతున్నావు!"

అది అబద్ధం. హెడ్ మీది కోపమంతా ఆమె మీద పోశాను.

వానలు తగ్గాక ఆమే మా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో డబ్బా. "వలలో పిల్ల చేపలు పడట్లేదు. వీటిని కోసి చూడు," అంది.

"ఇప్పుడు తెలిసిందా?" అని తలుపు మూసేశాను.

కాసేపటికి సిగ్గేసి తీశాను. డబ్బా మెట్టు మీదే ఉంది. అందులోని మగ చేపల్లో రెండింటికి గుడ్లున్నాయి. మర్నాడు వెళ్లి చెప్పాను.

"అయితే మేం ఏం అమ్ముకోవాలి?" అని అడిగింది.

ఆమె మొహం తిప్పుకుని వేరేవాళ్లకు చేప కోయడం మొదలుపెట్టింది. నీళ్ల పరీక్ష జరగలేదు. ఆ ఏడాది చివర్లో నన్ను లైబ్రరీకి మార్చారు.