పుట్టగొడుగుల పొడితో నేను చదివిన చదువు

నలభై రెండేళ్ల వయసులో చేతికందిన ఉద్యోగాన్ని ఒక డబ్బా పొడి వల్ల ఎలా నేలపాలు చేసుకున్నానో చెబుతాను. ఇందులో ఒక తెలివితక్కువ ఆడమనిషి ఉంది. అది నేనే. దయచేసి జాలిపడకండి, ఆమెకు ఆ అర్హత లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పుత్తూరు దగ్గరున్న మా ఊరి అంగన్‌వాడీకి ఆయా కావలసి వచ్చింది. పేరు రాసి, వాచకం చదివి చూపిస్తే చాలన్నారు. నాకు అప్పటికి వేలిముద్ర తప్ప వేరే చదువు లేదు. వయోజన విద్యా కేంద్రంలో చేరాను. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న వసంత మాకు పంతులమ్మ. ఆ పిల్ల 'అ' దిద్దమనేది. నేను దిద్దిన 'అ' కాలు విరిగిన మేకలా కూలబడేది.

అప్పుడు దిగాడు మునిరత్నం. మా ఆయనకు వరసకు తమ్ముడు. అంతకుముందు దోమతెరలు అమ్మేవాడు. తిరుపతిలో ఏదో మీటింగుకు పోయి, మెడకు టై కట్టుకుని తిరిగొచ్చాడు. టై కట్టినవాడు అబద్ధమాడడని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం.

"వదినా, ఇది జపాన్ కొండల్లో మొలిసిన పుట్టగొడుగుల పొడి. పొద్దున్నే పాలల్లో ఒక చెంచా తాగితే మెదడు తెరుసుకుంటాది."

"ఇప్పుడేమన్నా మూసుకోనుండాదా?"

"సదువు ఎక్కలేదంటే మూసుకున్నట్టే గదా."

గుడ్లు పెట్టే కోళ్లు రెండిచ్చి డబ్బా తీసుకున్నాను. పాత గోనెసంచిని దంచి జల్లించినట్టుండేది ఆ పొడి.

నెల తిరక్కుండానే మహిమ కనబడింది. వసంత ఒక్కసారి పాఠం చదివితే చాలు, నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా నాకు తెలుసు. నా పేరు రాయడం ముగ్గు వేసినట్టు నేర్చుకున్నాను. ఇక దిద్దడం మానేశాను. మెదడు తెరుచుకున్నాక పలకతో పనేముంది? వసంత రెండుసార్లు ఏదో చెప్పబోతే, పొడి తాగనివాళ్లకు అర్థం కాదులే అన్నాను.

చదువురానివాళ్లకు జ్ఞాపకమే కదా ఆధారం. ఏ బిడ్డ ఏ వానకు పుట్టిందో, ఎవరి పెళ్లిలో ఎవరు ఎందుకు అలిగారో, పొడి మొహం చూడకముందే పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆ సంగతి మన మహా మేధావికి, అదే నాకు, తట్టలేదు.

పరీక్ష చెయ్యడానికి సూపర్‌వైజర్ మేడం అంగన్‌వాడీకి వచ్చింది. ఊరి ఆడవాళ్లంతా చేరారు. మునిరత్నం పది డబ్బాలతో ముందు వరసలో కూర్చున్నాడు. నేను పేరు రాశాను. వాచకం తెరిచి, కమల బావికి వెళ్లి నీళ్లు తెచ్చిన పాఠం గడగడా చదివాను. మేడం తృప్తిగా తలూపింది. అక్కడితో ఆగి ఉంటే ఉద్యోగం నాదే. మునిరత్నం ఆగితే కదా. ఇదంతా తన పొడి చలవేనని చెప్పి, ఆమె చేతిలో కరపత్రం పెట్టాడు. ఆమె దాన్ని నాకిచ్చింది.

"ఇది చదువమ్మా."

నేను గొంతు సవరించుకున్నాను. "కమల బావికి వెళ్లింది. కమల నీళ్లు తెచ్చింది."

"ఇందులో కమల ఎక్కడుందమ్మా?"

కాగితం తిరగేసి చూశాను. "ఎనకపక్క ఉంటాది మేడం."

ఆడవాళ్లు నవ్విన నవ్వుకు లోపల నిద్రపోతున్న పిల్లలు లేచి ఏడ్చారు. ఆయా పని ఎదురింటి రాజమ్మకు పోయింది. ఆమె తడబడుతూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది, కరపత్రంతో సహా.

బయట మునిరత్నం టై పట్టుకున్నాను. టై ఎందుకు కడతారో అప్పుడు అర్థమైంది.

"నా ఉద్యోగం పాయె గదరా. ఏం పొడి అమ్మినావు నువ్వు?"

వాడు తొణకలేదు. "పాఠమంతా అప్పజెప్పినావా లేదా? ఇది జ్ఞాపకానికి వదినా. సదవడానికి వేరే పొడి ఉండాది."

ఇక్కడ మీరు కడుపుబ్బా నవ్వుకోవచ్చు. నేను టై వదిలేసి, "అది ఎప్పుడు తెస్తావబ్బా?" అని అడిగాను.

ఆ రెండో పొడి రాలేదు, మునిరత్నమూ రాలేదు. సిగ్గు చంపుకుని వసంత ముందు మళ్లీ కూర్చున్నాను. 'అ' లేచి నిలబడటానికే నెల పట్టింది. ఇప్పుడు సొంత చేత్తో, సొంత అక్షరాలతో రాసి ఇస్తున్న ప్రమాణం ఇది: బతికున్నంతకాలం పుట్టగొడుగును పులుసులో వేస్తాను, వేపుడు చేస్తాను, కానీ దానికి పంతులు ఉద్యోగం మాత్రం ఇవ్వను.