పొలిమేరలో అప్పగించిన జాడ

పోయిన నెల మా పెదనాయన జ్ఞాపకార్థ కూడికకు కడప నుంచి వెళుతూ బళ్ళారిలో రైలు దిగి ఆలూరు బస్సెక్కాను. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్ర కానిస్టేబులు మద్యం సీసాల కోసం అందరి సంచులూ తడిమాడు. నా సంచిలో బైబిలు, కళ్ళజోడు, రెండు జొన్నరొట్టెలు తప్ప ఏమీ దొరక్క మొహమాటపడి, ఎక్కడికమ్మా అన్నాడు. మా పెదనాయన కూడా ఈ గీత మీదే కావలి కాసినాడు నాయనా, ఆయన కూడికకే పోతున్నానన్నాను. ఏ స్టేషన్‌లో అని అడిగాడు. స్టేషన్ లేదన్నాను. అంతలో బస్సు కదిలింది, మిగతాది చెప్పలేకపోయాను.

మా పెదనాయన తలారి. కోస్తా వాళ్ళ ముందు ఈ మాటంటే ఉరితీసేవాడనుకుని జాలిగా చూస్తారు. మావైపు తలారి అంటే ఊరి కావలివాడు. కర్నూలు, కడప సీమల్లో పోలీసులు రాకముందు ఊళ్ళనూ దారులనూ కాసింది వీళ్ళూ, కట్టుబడి వాళ్ళనే కావలి బంట్లూ. జీతానికి బదులు కాస్త మాన్యం, తండ్రి తరువాత కొడుకు. నవాబులు పోయి కంపెనీ వచ్చినా, కంపెనీ పోయి రాణి వచ్చినా పొలిమేరలో నిలబడ్డ మనిషి మారలేదు. టీచరుగా రిటైరయ్యాక నేను పాత దొరల రాతలు కొన్ని చదివాను. ఒక పుటలో వీళ్ళను మెచ్చుకుని, మరో పుటలో దొంగలతో పొత్తున్నవాళ్ళని రాశారు. రెండో మాట కూడా కొన్నిచోట్ల నిజమే కావచ్చు. మా పెదనాయన మాత్రం ఆదివారం తలారి గుర్తుగా ఇచ్చిన ఇత్తడి బిళ్ళ మెరిసేలా తోముకుని చర్చికి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, ప్రార్థనలో కూడా కళ్ళు మూసేవాడు కాదు. కావలివాడు కళ్ళు మూస్తే ఎట్లా అని పెద్దమ్మకు సంజాయిషీ చెప్పేవాడు.

వీళ్ళకొక కట్టుబాటుండేది. పశువులు పోతే తలారి వాటి కాలిజాడ పట్టుకుని తన ఊరి పొలిమేర దాకా పోతాడు. దాటడు. అవతలి ఊరి తలారిని పిలిపించి జాడ చూపించి అప్పగిస్తాడు. అతను తీసుకున్నాడంటే ఆ బాధ్యత ఇక ఆ ఊరిది. జాడ తమ పొలం దాటిపోయిందని చూపించాలి, లేదా పశువులను వెతికి ఇవ్వాలి, రెండూ కాకపోతే ఊరంతా కలిసి నష్టం కట్టాలి. అందుకని తీసుకునేవాడు ఊరికే తీసుకోడు.

నేను టీచరు ట్రైనింగు ముగించి ఇంట్లో ఉన్న ఏడు, వేసవి చివర్లో, ఎదురింటి రైతు ఎద్దులు పోయాయి. విత్తే గొర్రు సిద్ధంగా ఉంది, పడమట మబ్బు పట్టింది. ఆ పదునులో విత్తకపోతే ఆయన ఏటా ఊరొదిలే కోసిగి వాళ్ళలాగా పెళ్ళాం బిడ్డలతో వలస పోవలసిందే. మా వాకిట్లో నిలబడి, “ఏమప్పా తలారీ, బిళ్ళ తోముకునేదేనా పని? నా ఎద్దులు యాడుండాయో చెప్పు,” అన్నాడు. పెదనాయన కర్ర తీసుకున్నాడు. ఎద్దుల్లో ఒకటి ముందుకాలు ఈడ్చి వేస్తుంది. ఆ గీత పట్టుకుని వాగు వెంట పొలిమేర దాకా పోయాడు. అవతలిది కర్ణాటక ఊరు. స్టేషన్‌లో అడిగితే వేరే రాష్ట్రం కాబట్టి కాగితాలు బళ్ళారి పోవాలన్నారు. మా ఆలూరు ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. కాగితాలు పోయి వచ్చేలోగా ఎద్దులు ఏదో సంతలో అమ్ముడుపోతాయి.

చినుకులు మొదలయ్యే సూచన చూసి పెదనాయన ఊళ్ళోని ఆడవాళ్ళను పేడ అలికిన గంపలు తెమ్మన్నాడు. నేనూ ఒకటి మోసుకెళ్ళాను. స్పష్టంగా ఉన్న జాడల మీద గంపలు బోర్లించి, పైన రాళ్ళు పెట్టి, మనిషిని అవతలికి పంపాడు.

అవతలి తలారి పెద్దమ్మకు సొంత తమ్ముడు, నాకు మామ. అది కలిసొచ్చే సంగతే కావలసింది. కానీ మా ఇంటి పెళ్ళిలో తమవాళ్ళకు రెండోసారి కూర వడ్డించలేదని మామ అలిగి, బావతో మాటలు మానేసి ఏళ్ళయింది. వాన కురిసి వెలిశాక వచ్చాడు. వెంట వాళ్ళ ఊరివాళ్ళు. బావ వైపు చూడకుండా గొంతుక్కూర్చుని ఒక గంప ఎత్తాడు. కింద మన్ను పొడిగా ఉంది, డెక్క గుర్తు చెక్కుచెదరలేదు. వద్దు, స్టేషన్‌కు పొమ్మను, మన మెడకు చుట్టుకుంటుందని వాళ్ళ ఊరివాళ్ళు కన్నడంలోనూ తెలుగులోనూ నచ్చజెప్పారు. మా ఎదురింటాయన తడిసిన తలగుడ్డ పిండుకుంటూ మామ ముఖమే చూస్తున్నాడు. మామ తనవాళ్ళతో, “మా నాయన ఈడ నిలబడి ఏ పొద్దూ వద్దనలేదు. నేనెట్లంటానప్పా?” అన్నాడు. తరువాత పెదనాయన వైపు తిరిగాడు.

“ఇస్తివా బావా?”

“ఇస్తి.”

“తీసుకుంటి. కూర సంగతి మాత్రం మర్చిపోలే.”

పెదనాయన నవ్వలేదు గాని కర్ర పక్కన పెట్టి పొలిమేర రాయి మీద కూర్చున్నాడు. ఇక అడుగు ముందుకు వేయకూడదు. అవతల జాడంతా వానకు కొట్టుకుపోయింది. అయినా తీసుకున్న మాటకు ఆ ఊరు ఊరంతా గుట్టలు గాలించింది. మర్నాడు మామ ఎద్దులను తానే తోలుకొచ్చి పొలిమేరలో పలుపులు అప్పగించాడు. వాటిని రాళ్ళగుట్ట వెనక కట్టేసింది ఎవరో మామ చెప్పలేదు, పెదనాయన అడగలేదు. ఎదురింటాయన ఇద్దరికీ దండం పెట్టి, ఎద్దులను ఇంటికి కూడా తీసుకుపోకుండా నేరుగా చేనికి తోలాడు. పదును ఆరకముందే విత్తనం పడింది.

తలారి పని రద్దయిన సంవత్సరం ప్రభుత్వ కాగితాల్లో ఉంది. ఒక ఊరు జాడ ఇచ్చి మరో ఊరు తీసుకోవడం ఏనాడు ఆగిపోయిందో మాత్రం ఎక్కడా లేదు. మేము చూస్తుండగానే ఆగిపోయింది, కానీ ఏ రోజో మాలో ఎవరమూ చెప్పలేము.