జపాన్ గుడిలో కాకా పంచిన ప్రసాదం

మా ఫోర్‌మన్ కాకా ఇక లేడని మొన్న శుక్రవారం ఆయన ఊరు జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. మస్కట్‌లో, అజైబాలోని మా రూమ్‌లో అందరం చేరాం. ఎవరో, "ఆ జపాన్ ముచ్చట చెప్పరాదే" అన్నారు. ఆ రోజు ఆయనతో ఉన్నది నేనొక్కణ్ణే. మీకూ చెబుతాను. కాకాను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు ఆ సంబరమే గుర్తొస్తుంది.

క్రేన్ ఎక్కే ముందు ఆయన దాని కొక్కేన్ని తట్టి, "నువ్వు మంచిగుండు, మేం మంచిగుంటం" అనేవాడు. సైట్‌లో నవ్వేవాళ్లు నవ్వారు. నాకు పని నేర్పింది ఆయనే, ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

కంపెనీ కొత్త క్రేన్ కొన్నప్పుడు ట్రైనింగ్‌కని మా ఇద్దరినీ జపాన్ పంపింది. సెలవు రోజున హోటల్ పక్క సందులో ఎర్రటి కొయ్య ద్వారం కనబడింది. షింటో గుడి, అంటే జపాన్‌వాళ్ల పాతకాలపు దేవుళ్ల గుడి అన్నారు. ఆ పొద్దునే ఊళ్లో కాకా బిడ్డను కాన్పుకు తీసుకెళ్లారు. ఆమెకు అంతకుముందు ఒకసారి కడుపు పోయింది. ఫోన్ ఎప్పుడొస్తుందా అని కాకాకు కాలు నిలవడం లేదు.

"మనకు తెల్వని దేవుడు కదా కాకా" అన్నాను.

"దేవునికి మనం తెల్వమా? నడువ్‌రా!"

లోపల నీళ్ల తొట్టి దగ్గర అందరూ చేతులు కడుక్కుంటుంటే, కాకా కాళ్లు కూడా కడిగేశాడు. జనం వంగి, చప్పట్లు కొట్టి మొక్కుతుంటే తనూ కొట్టాడు. ప్రదక్షిణ చేద్దామంటే గుడి వెనక్కి దారి లేదు. ఉన్నచోటే చేతులు జోడించి గిర్రున తిరిగాడు. నాకు నవ్వాగలేదు. తర్వాత సంచిలోంచి, మస్కట్ నుంచి తెచ్చుకున్న బర్కా ఖర్జూరాల డబ్బా తీసి మెట్టు మీద నైవేద్యం పెట్టాడు. నేను చెయ్యి చాపితే, "ఆగు. ఫోన్ రానీ" అన్నాడు.

ఫోన్ వచ్చింది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు, స్పీకర్ నేనే నొక్కాను. ఆయన భార్య గొంతు: "ఇగో, మనుమరాలు పుట్టింది! తల్లీపిల్లా మంచిగున్నరు!"

కాకా అరిచిన అరుపుకు గుడంతా మావైపు తిరిగింది. డబ్బా పట్టుకుని కనబడ్డవాళ్లందరికీ పంచడం మొదలుపెట్టాడు. "తీస్కోండ్రి, తీస్కోండ్రి! నా మనుమరాలు!" అంతా తెలుగే. అక్కడ అలా పంచే ఆనవాయితీ లేదని మాకేం తెలుసు? కొందరు బెదిరి పక్కకు జరిగారు. ఒక ముసలమ్మ మాత్రం రెండు చేతులూ చాపి తీసుకుంది. ఫోన్‌లో పసిగుడ్డు ఏడుపు విని నవ్వింది, నడుం వంచి దండం పెట్టింది. కాకా అంతకంటే కిందికి వంగాడు. ఆమె మళ్లీ వంగింది, ఈయన మళ్లీ వంగాడు. ఫోన్‌లో పిల్ల ఏడుస్తూనే ఉంది, వాళ్లిద్దరూ ఆగలేదు.